ఏ గ్రంథమును గూడి చదువవలెను?

రెండు మహాసంగ్రామములకు నడుమ, అనగా 1918 మొదలు 1939 వఱకు వెలువడిన వాఙ్మయమునుండి యొక గ్రంథమును జేకొని పదిమందియు గూడి చదువవలెనను సంకల్పము నర్సీపట్నమునందలి చదువరులలో గొందఱికి గలిగినది. సంకల్పము మంచిదే. కాని గ్రంథము నేర్పఱచుకొనుటయందే తగవు వచ్చి కూర్చున్నది. ఒకరు విశ్వనాథవారి వేయిపడగలు కావలెనందురు. మఱియొకరు చలముగారి మైదానము చదువనిదే యా కాలము బోధపడదందురు. ఇంగ్లీషు చదువు హెచ్చుగా గలవారు రెమార్కు పేరును, కాఫ్కా పేరును జెప్పుదురు. చీట్లు వేసి యెక్కువమంది కోరినదానినే తీసికొందమని వేఱొకరి సలహా. ఈ విషయమున మా యభిప్రాయమును మొగమోటము లేక చెప్పదలచితిమి.

ముందుగా చీట్ల మాట. శాసనసభల కది తగును గాని పఠనగోష్ఠికి దగదు. ఎక్కువమంది కోరునది సాధారణముగా ఎక్కువమంది పేరు విన్న పుస్తకమో, తక్కువ పుటలు గల పుస్తకమో యగును. చదువని పుస్తకమునకు చీటి వేయుట చూడని సంబంధమునకు తాంబూలములు పుచ్చుకొనుట వంటిది. ఒక గ్రంథమును సూచించువారు దానిని మొదటినుండి తుదివఱకు చదివినవారై యుండవలెను. అందుండి పది పుటలు పైకి చదివి వినిపింపవలెను. అప్పుడు సగము తగవు దానంతట నదియే తీఱును.

ఇక అసలు ప్రశ్న. "రెండు యుద్ధముల నడిమి కాలము" అను మాట ఐరోపావారి లెక్క. ఆ యిరువదియొక్క సంవత్సరములు వారికి ఒక గాయము మానకముందే మఱియొక గాయమునకు సిద్ధపడిన కాలము. మొదటి యుద్ధమునకు మన దేశమునుండియు పదిలక్షలకు మించినవారు సముద్రములు దాటి పోయిరి, కాదనము. కాని నర్సీపట్నమున నిలిచి యా కాలమును దలచువారికి యుద్ధమనగా ముందు స్ఫురింపవలసినది ఫ్రాన్సు కందకములు గావు. 1922 ఆగస్టు 22వ తేదీన చింతపల్లి, 23వ తేదీన కృష్ణదేవిపేట, 24వ తేదీన రాజవొమ్మంగి పోలీసు ఠాణాలమీద అల్లూరి సీతారామరాజును ఆయన యనుచరులును పడి తుపాకులు పట్టుకొనిపోయిన ఘట్టము మన గడపలోనిది. 1882 నాటి మద్రాసు అటవీచట్టము పోడు సేద్యమును అడ్డగించెను. నర్సీపట్నమునుండి లంబసింగి మీదుగా చింతపల్లికి బాట వేయుటకు మన్యవాసులను దెచ్చి, తగిన కూలి యీయక, గూడెము డిప్యూటీ తహసీల్దారు బాస్టియను పని చేయించెను. నేడు మంచు చూచుటకు లంబసింగికి కార్లలో బోవు వేడుకకాండ్రు ఆ బాటపైననే పోవుచున్నారని వారిలో నెందఱెఱుగుదురో! 1924 మే 7వ తేదీన రాజు నేలకొరిగెను. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో నున్నది. 2022లో జిల్లాలను విభజించినప్పుడు చింతపల్లి, కొయ్యూరు ఆయన పేరిటి జిల్లాలోనికి బోయినవి. మన పట్టణమును కృష్ణదేవిపేటయు అనకాపల్లి జిల్లాలో నిలిచినవి. ఆ కథను మనలో బెక్కుమంది 1974 నాటి చలనచిత్రమువలన నెఱుగుదురే గాని, ఆ దినములలో వ్రాసిన గ్రంథమువలన నెఱుగరు.

కావున మొదట చదువదగినది ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారి మాలపల్లి యని మా నిశ్చితాభిప్రాయము. కారణము చెప్పెదము.

పల్నాడున అడవిలో పశువుల మేపుకు విధించిన పుల్లరి పన్నునుగూర్చి 1921లో బుట్టిన యుద్యమమున జేరి పంతులుగారు కారాగారమునకు బోయిరి. ఆ చెఱసాలలో వ్రాసినదే యీ నవల. 1922లో వెలువడినది. పల్నాటిలో మేపు, మన మన్యములో పోడు. రెండుచోట్లను అడవి యెవరిదను ప్రశ్నయే. అక్కడ కన్నెగంటి హనుమంతు ఆ సంవత్సరముననే తుపాకి గుండ్లకు బలియయ్యెను. ఇక్కడ పితూరీ ఆ సంవత్సరముననే లేచెను. ఒకే కాలము, ఒకే బాధ, రెండు సీమలు. నవలలోని వెంకటదాసు అన్యాయమును సహింపజాలక బందిపోటై, ఉన్నవారిని దోచి లేనివారికి బెట్టును. అతనియందు సీతారామరాజు పోలికలు చూచువారు గలరు. పితూరీ పుట్టుటయు గ్రంథము వెలువడుటయు ఒకే యేట జరిగినవి గనుక ఒకరిని జూచి యొకరిని వ్రాసిరనుట మాకు సమ్మతము గాదు. ఊహలో బుట్టినవాడును, అడవిలో నడచినవాడును ఒకేసారి కనబడుటయే గోష్ఠిలో మాటలాడదగిన సంగతి. అతని తమ్ముడు సంగదాసు శాంతమార్గమున బోయి భూస్వామి చౌదరయ్య చేతిలో జచ్చును. అన్నదమ్ముల యీ రెండు దారులలో నేది తగునో పంతులుగారు చెప్పినది గలదు. చదువరు లొప్పుకొందురో లేదో వేఱు.

ఆ గ్రంథము ప్రభుత్వమున కెంత కంటకమైనదో జగద్విదితము. వెలువడిన కొలది కాలమునకే మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించెను. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చినపిదప గాని యా సంకెల పూర్తిగా వీడలేదు. మాలపల్లెలోని కూలివాని కుటుంబమును నాయకస్థానమున నిలిపిన యీ తెలుగు నవల, ముల్కరాజ్ ఆనంద్ ఇంగ్లీషున అస్పృశ్యునిగూర్చి 1935లో వెలువరించిన నవలకు పదుమూడేండ్లు పెద్దది. ఆ ఇంగ్లీషు నవల పేరు ప్రపంచ మెఱుగును. మాలపల్లిని జదివిన తెలుగువా రెందఱు?

తక్కిన గ్రంథముల యోగ్యతను దగ్గింప మా యుద్దేశము గాదు. వేయిపడగలు మహాగ్రంథము. 1934లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు బహుమతి దానికిని అడివి బాపిరాజుగారి నారాయణరావునకును పంచియిచ్చిరి. శిథిలమగు పాత వ్యవస్థను దలచి యంత శోకించిన నవల తెలుగున మఱియొకటి లేదు. ఐనను దాని సుబ్బన్నపేటను దూరమునుండి చూచిన మన్యవాసికి ఆ శోకము తనదిగా దోచునా యని మాకు సందేహము. వేయి పుటల గ్రంథమును మొదటి పుస్తకముగా జేకొన్నచో మూడవ సమావేశమునకు నలుగురు మిగులుదురనుట మాత్రము సందేహము లేని మాట. మైదానము చిన్నది, పదునైనది. ప్లీడరు భర్తను విడిచి అమీరుతో బోయిన రాజేశ్వరినిగూర్చి మన పట్టణమున నిష్పక్షపాతముగా మాటలాడవలెనన్న ఆ గోష్ఠిలో స్త్రీలు కూర్చుండవలెను. పురుషులు మాత్రమే కూడి రాజేశ్వరికి తీర్పు చెప్పుట హాస్యాస్పదము. మొక్కపాటివారి బారిష్టరు పార్వతీశమును ఏ దినమున నైనను జదువవచ్చును. నవ్వుటకు గోష్ఠి యవసరము లేదు.

పరదేశ గ్రంథములలో మేము రెమార్కు నవలను రెండవదిగా నంగీకరింతుము. 1929లో గ్రంథరూపమున వచ్చిన యా యుద్ధకథను 1933లో బెర్లినులో మంటలలో వేసిరి. ఇచ్చట నిషేధపు టుత్తరువు, అచ్చట అగ్ని. రెండును చదువరికి భయపడిన ప్రభుత్వముల పనులే. ఒకదాని వెంట నొకటి చదివినచో రెండును మఱింత తెలియును. ఉత్తరదేశమునుండి ప్రేమచందు గోదానమును, వంగదేశమునుండి బిభూతిభూషణుని పథేర్ పాంచాలియు మన సేద్యగాండ్ర బ్రదుకునకు దగ్గఱివి; వానికి తరువాత తావున్నది.

మాలపల్లికిని లోపములు లేకపోలేదు. ఉపన్యాసములు దీర్ఘములు. పాత్రలు కొన్నిచోట్ల తమ మాట మాని పంతులుగారి మాట పలుకును. అంతకంటె ముఖ్యమైన యాక్షేపణ యొకటి గలదు: మాలపల్లె కథను మాలపల్లెలో బుట్టనివారు వ్రాసిరి. ఈ యాక్షేపణను గోష్ఠి దాచిపెట్టరాదు. గరిమెళ్ళ సత్యనారాయణగారు తెల్లవారి దొరతనము వలదని పాడి చెఱసాలకు బోయిన దినములలోనే, రాజమహేంద్రవరమున కుసుమ ధర్మన్నగారు నల్లదొరల దొరతనమును వలదని పాడిరి. ఆ రెండు పాటలను ఒక సాయంకాలమున నొకదాని పిదప నొకటి వినవలెను. జాషువగారి గబ్బిలము 1941 నాటిది. మన హద్దునకు రెండేండ్లు బయటబడినది. హద్దు మనము గీసికొన్నదే గదా! రెండేండ్ల కొఱకు జాషువను వాకిట నిలుపుట, ఆ కావ్యములోని యభాగ్యుని గుడి వెలుపల నిలిపినవారి పనికంటె నేమి మెఱుగు?

ఇచ్చటికి వచ్చుసరికి గ్రంథముల యెంపికకంటె కఠినమైన ప్రశ్న యెదురగుచున్నది. ఈ గోష్ఠిలో గూర్చుండువా రెవరు? గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వకీళ్లు, ఉద్యోగమునుండి విశ్రమించినవారు నలువదిమంది చేరి, పేటలోని కూలివాడొక్కడును లేక, మన్యమునుండి దిగివచ్చిన గిరిజన విద్యార్థి యొక్కడును లేక, మాలపల్లిని జదివి కన్నీరు విడిచినచో ఆ కన్నీటికి మేము విలువ గట్టజాలము. అట్టి గోష్ఠి ఏ గ్రంథమును జదివినను ఒకటే. చదువ రానివారిని బిలిచి యేమి లాభమని యడుగువారు గలరు. ఒకరు చదువగా పదిమంది వినుట మన పఠనాలయముల పుట్టుకనుండియు నున్న యాచారము. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘము నేర్పఱచిన అయ్యంకి వెంకటరమణయ్యగారి తరమువారు అక్షరాస్యులకొఱకు మాత్రమే పాటుపడలేదు. 1935లో పాతూరి నాగభూషణముగారు పడవలో పుస్తకములు పెట్టి పెదవడ్లపూడి కాలువమీద ఊరూరికి ద్రిప్పిరి. పాఠకుడు రాకున్న గ్రంథమే పాఠకునికడకు బోవలెనని వారెఱుగుదురు. మనకు కాలువ లేదు గాని బస్సు లున్నవి.

కావున మా సూచన యిది. గోష్ఠి మొదటి నాలుగు నెలలును మాలపల్లికే యీయబడుగాక. వారమున కొకమాఱు, అంగళ్లు మూసిన పిదప, గంటన్నరకు మించక కూడవలెను; పగలెల్ల పనిచేసి వచ్చువారిని రెండు గంటలు కూర్చుండబెట్టుట ధర్మము గాదు. సగముసేపు పైకి చదువుట, సగముసేపు మాటలాడుట. చదువు పని వారమున కొకరిది. ఉపన్యాసముల పుటలను గొన్నింటిని దాటిపోయినను బాధలేదు; వెంకటదాసు ఘట్టములను, పాటలను మాత్రము విడువరాదు. మొదట మాటలాడు హక్కు గ్రంథములోని బ్రదుకును దమ యింట నెఱిగినవారికి. అధ్యక్షోపన్యాసములు, పూలదండలు వలదు. ప్రతులు చాలనిచో ముగ్గురికొక ప్రతి చాలును. ఒక ప్రతిని మాత్రము ఎవరును ఇంటికి గొనిపోక పఠనాలయపు బల్లమీదనే యుంచవలెను. సంతకు వచ్చి బస్సుకొఱకు వేచియున్న వాడొకడు దానిని దెఱచి చూడవచ్చును. చూచినచో అతనిని లోనికి బిలిచి కుర్చీ వేయవలసిన భారము గోష్ఠివారిది.