ఆలస్యంగా వచ్చినవాడిని ముందు ఏమడగాలి?

 

సెలవులయ్యాక హాస్టల్‌కు వచ్చిన రోజున మనం ఒకరినొకరం అడిగే ప్రశ్నలు మూడు. "ఏం తెచ్చావురా?", "మీ ఊళ్ళో వానలెలా ఉన్నాయి?", "ఎందుకు లేటయింది?" మొదటి రెండూ నవ్వుతూ అడుగుతాం. మూడోది మాత్రం దొంగను పట్టుకున్నట్టు అడుగుతాం. దాని బదులు "ఎలా వచ్చావురా?" అని అడగాలని నా అభిప్రాయం. రెండూ ఒకటే కదా అంటారేమో. ఒకటి కాదు. ఎందుకో చెబుతాను.

మొన్న దసరా సెలవుల తర్వాత నా మిత్రుడొకడు రెండు రోజులు ఆలస్యంగా వచ్చాడు. గోడ కుర్చీ వేయించారు. వాడేమీ మాట్లాడలేదు. రాత్రి పక్కలు వేసుకున్నాక నేను అడిగితే అంతా చెప్పాడు. వాళ్ళ ఊరి నుంచి జీపు ఎక్కే చోటికి రెండు గంటల నడక, మధ్యలో గెడ్డ. మొదటి రోజు గెడ్డ పొంగింది, ఇంటికి తిరిగి వెళ్ళాడు. రెండో రోజు నీళ్ళు తగ్గాయి గానీ, దాటి వచ్చేసరికి జీపు వెళ్ళిపోయింది. ఆ రోజు సంత లేదు కాబట్టి ఇంకో జీపు రాలేదు. అక్కడే చుట్టాలింట్లో పడుకుని మూడో రోజు వచ్చాడు. పుస్తకాలు తడిశాయి, చెప్పు ఒకటి గెడ్డలో పోయింది. ఇదంతా నవ్వుతూనే చెప్పాడు. చివర్లో మాత్రం, "ఈసారి గెడ్డ పొంగినా దిగిపోతానురా, అందరి ముందూ తిట్లు తినలేను" అన్నాడు.

ఆ మాట విన్నాకే ఇది రాస్తున్నాను.

మన గెడ్డల సంగతి మనకు తెలుసు. పైన కొండ మీద వాన పడితే, కింద ఎండ కాస్తున్నా ఎర్రనీళ్ళు ఒక్కసారిగా వచ్చేస్తాయి. మోకాలి లోతు అనుకున్నది నడుము దాకా వస్తుంది, కాలి కింద రాయి నిలవదు. వాన ఆగితే మళ్ళీ కొన్ని గంటల్లో తగ్గుతుంది. కాబట్టి ఒడ్డున ఆగినవాడే తెలివైనవాడు. వాడికి శిక్ష వేస్తే, ఆగకుండా దిగమని నేర్పినట్టే కదా!

వాతావరణం మన సెలవులు చూసుకుని రాదు. బడి తెరిచే జూన్‌లోనే నైరుతి వానలు మొదలవుతాయి. దసరా నాటికి తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు ఏజెన్సీలో కూడా చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు పడిపోయాయి. ఇక సంక్రాంతికి మంచు. లంబసింగి వైపు పొద్దెక్కేదాకా ఎదుటి మనిషే కనబడడు, జీపు ఎలా కదులుతుంది?

ఇంకో సంగతి. చిన్న తరగతుల తమ్ముళ్ళు కొందరు ఇంట్లో కువి మాట్లాడతారు, కొందరు ఒడియా మాట్లాడతారు. "ఎందుకు లేటు?" అని గట్టిగా అడిగితే తెలుగులో జవాబు రాక తల వంచుకుంటారు. తప్పు చేశాడు కాబట్టే తల వంచాడని మనం అనుకుంటాం. రెండుసార్లు అలా అయితే మూడోసారి వాడు బడికి రాడు, పశువుల వెంట పోతాడు. వాడి భాష వచ్చిన అన్న ఒకరు పక్కన కూర్చుని అడిగితే చాలు.

"వాన పేరు చెప్పి అందరూ అబద్ధాలాడతారు" అని కొందరంటారు. ఆడేవాళ్ళు ఉంటారు, నేను కాదనను. కానీ ఏ గెడ్డ, ఏ జీపు, ఎవరితో వచ్చావు అని వరసగా అడిగితే అబద్ధం నిలవదు. అదే పంచాయతీవాడు పక్క మంచం మీంచి, "ఒరేయ్, ఆ రోజు మనూళ్ళో చినుకే లేదు" అనేస్తాడు!

వార్డెన్ గారికి నా విన్నపం ఒక్కటే. సెలవుల తర్వాత మొదటి రాత్రి స్టడీ అవర్‌లో అరగంట మా దారి కబుర్లకు ఇవ్వండి. ఎవరి ఊరు ఎంత నడక, మధ్యలో ఏ గెడ్డ, జీపు ఏయే రోజుల్లో దొరుకుతుంది అన్నవి ఒక లాంగ్ నోటుబుక్కులో రాసి ఉంచుదాం. తర్వాత ఎవరు రాకపోయినా ఆ పుస్తకం తీసి చూడవచ్చు.

మిత్రులారా, మన పని కూడా ఒకటుంది. ఆలస్యంగా వచ్చినవాడికి నోట్సు మనమే ఇవ్వాలి. రెండు రోజుల పాఠం ఒక ఆదివారం కూర్చుంటే రాసుకోవచ్చు. గెడ్డలో పోయిన మనిషిని మాత్రం ఎవరూ తేలేరు.

మీరేమంటారో వచ్చే సంచికకు రాయండి.

— 9వ తరగతి విద్యార్థి