ఖాళీ స్థలం సొమ్ము ఏ బస్తీకి చేరింది?

అనుమతి పొందిన లేఔటులో 10 శాతం భూమిని ఉద్యానానికీ ఆటస్థలానికీ వదిలి స్థానిక సంస్థకు అప్పగించాలి. మన కుటుంబాలు చెమటోడ్చి కొనుక్కున్న చాలా బస్తీలలో లేఔటు వేసినవాడు ఆ భూమిని కూడా ముక్కలు చేసి అమ్ముకున్నాడు. వాడు ఎగవేసినది నేడు కొన్నవాడి నెత్తిన పడింది. తెలంగాణలో 2020 నాటి క్రమబద్ధీకరణ నిబంధనల ప్రకారం, రిజిస్ట్రేషన్ నాటి విలువలో 14 శాతాన్ని ఖాళీ స్థలం చార్జీగా చెల్లించాలి. గజం విలువ పది వేలనుకుంటే, నూరు గజాల ప్లాటుకు 1,40,000 రూపాయలు. క్రమబద్ధీకరణ రుసుము వేరు.

2025లో ప్రభుత్వం 25 శాతం రాయితీ ప్రకటించింది. పేదవానికి ఊరటే, కాదనను. టీఎస్-బీపాస్ కింద 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకునేవారు రూపాయి రుసుముతో నమోదు చేసుకుంటే చాలుననడం కూడా మంచి మార్పే. అనుమతి కోసం ఎవరెవరి చేతులు తడపవలసి వచ్చేదో గుమాస్తాగా పనిచేసిన నాకు తెలియనిది కాదు. అయితే, తగ్గిన ప్రతి రూపాయీ స్థానిక సంస్థ ఆదాయంలో తగ్గినదే. ఆ లోటు ఎక్కడ కనబడుతుంది? కోట్ల రూపాయల రహదారి పనుల్లో కాదు. సాముదాయిక భవనం, గ్రంథాలయ గది, ఖబ్రస్తాను ప్రహరీ, ఇవే ముందుగా "వచ్చే ఏడాది"కి వాయిదా పడతాయి. రాజ్యాంగం 12వ షెడ్యూలులో ఉద్యానాలు, ఆటస్థలాలు, శ్మశానవాటికలు పురపాలక సంస్థల బాధ్యతలుగానే ఉన్నాయి. నిధుల వద్దకు వచ్చేసరికి అవి దయాదాక్షిణ్యాలుగా మారిపోతున్నాయి.

నేను పనిచేసిన కార్యాలయంలో ఇటువంటి రుసుములకు రసీదులు వ్రాశాను. డబ్బు ఏ బస్తీ నుండి వచ్చిందో రసీదులో ఉండేది, ఖర్చు పద్దులో మాత్రం ఉండేది కాదు. మా వీధిలో నేటికీ నికాహ్ జరిగితే రోడ్డుకు అడ్డంగా షామియానా వేయవలసిందే. అదే వీధివారు ఖాళీ స్థలం పేరిట లక్షలు కట్టారు.

కనుక వినతిపత్రాలు, దండలు కాసేపు పక్కన పెడదాం. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో దరఖాస్తు పెట్టండి. మీ బస్తీ నుండి ఖాళీ స్థలం చార్జీగా ఎంత వసూలైంది, అది ఏ ఖాతాలో జమ అయింది, ఏ వార్డులో, ఏ పనికి ఖర్చయింది, ఈ మూడే అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అప్పీలు దరఖాస్తు వ్రాయించుకోవడానికి మా ఇంటి తలుపు తట్టండి. అస్ర్ నమాజు తరువాత ఖాళీగానే ఉంటాను.