పెరటి గోంగూర, ఊరి మట్టి

ఆగస్టు నెల వచ్చిందంటే అమెరికాలోని తెలుగువారి ఇళ్ళ మధ్య ఒక వింత వాణిజ్యం మొదలవుతుంది. అందులో డబ్బు చేతులు మారదు. ఒక ఇంటి గోంగూర మరొక ఇంటికి, ఆ ఇంటి బీరకాయలు ఇంకొక ఇంటికి కాగితపు సంచులలో ప్రయాణం చేస్తాయి. ఉగాదినాడు పరిచయమైన రెండు కుటుంబాలు శ్రావణమాసం నాటికి బంధువులైపోవడానికి ఒక్కొక్కప్పుడు ఒక దొండపాదు చాలు. మాతృభూమికి వేల మైళ్ళ దూరంలో ఉన్నవారు మన రుచులను మన చేతులతో పండించుకోవడం ప్రశంసనీయమే. అయితే పెరటి తోటను మనం కేవలం మన ఇంటి వ్యవహారంగా, మన కంచెలోపలి ముచ్చటగా భావిస్తున్నాము. ఈ భావన సరికాదనీ, పెరటి తోట నిజానికి ఊరందరి విషయమనీ మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ సంగతి నాకు అనుభవం వల్ల తెలిసివచ్చింది. ఈ దేశంలో మేము మొదట కొనుక్కొన్న ఇల్లు చాలా పాతది, చెక్కగోడలది. దక్షిణపు గోడ పక్కన ఎండ బాగా పడుతుందని అక్కడే తోటకూర, గోంగూర వేశాము. మూడు వేసవులు ఆ కూరలే తిన్నాము. మా అమ్మాయి ఆ మట్టిలోనే ఆడుకున్నది. నాలుగవ ఏట ఒక మిత్రుడు హెచ్చరించగా మట్టిని పరీక్షకు పంపితే, పెరటి మధ్యనున్న మట్టిలోకంటె గోడ పక్క మట్టిలో సీసం ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నదని తేలింది. గోడకు వేసిన పాతరంగు పెచ్చులు పెచ్చులుగా రాలి, దశాబ్దాల తరబడి అక్కడే పేరుకొన్నది. అమ్మాయి రక్తపరీక్ష ఫలితం వచ్చేవరకు మా ఇంట ఎవరికీ నిద్ర లేదు. అదృష్టవశాత్తు ప్రమాదమేమీ జరుగలేదు. కాని అదృష్టాన్ని నమ్ముకొని వ్యవసాయం చేయరాదు గదా!

ఈ సీసం ఎక్కడినుండి వచ్చింది? అమెరికాలో నివాసగృహాలకు వేసే రంగులలో సీసాన్ని 1978లో నిషేధించారు. అంతకు పూర్వం కట్టిన ఇళ్ళలో పాతరంగు పొరల క్రింద అది నేటికీ ఉండవచ్చును. రోడ్లపై నడిచే వాహనాల పెట్రోలులో సీసాన్ని 1970 దశకంనుండి క్రమంగా తగ్గిస్తూ వచ్చి, 1996 నాటికి పూర్తిగా తొలగించారు. కాని అప్పటికే వాహనాల పొగతోపాటు వెలువడిన సీసం నగరాల నేలలపై పడిపోయింది. ఆకులు, పేడ కుళ్ళినట్లు సీసం కుళ్ళదు, వానకు కొట్టుకొని సులభంగా లోతులకు దిగదు. పైనున్న కొద్ది అంగుళాల మట్టిలోనే తరాల తరబడి నిలిచిపోతుంది. మన మొక్కల వేళ్ళు ఉండేదీ, మన పిల్లల చేతులు తాకేదీ ఆ పైమట్టినే.

శరీరంలో ప్రవేశించిన సీసం కాల్షియంవలె నటిస్తుంది. ఎముకలలో చేరి ఏళ్ళ తరబడి దాగి ఉంటుంది. పసివారి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఆహారంలో ఇనుము, కాల్షియం కొరవడిన పిల్లల శరీరం సీసాన్ని మరింతగా గ్రహిస్తుంది. పిల్లలకు ఇంత సీసం హాని చేయదు అని చెప్పగల పరిమాణం ఏదీ ఇంతవరకు కనబడలేదు. నివాస ప్రాంతాల మట్టిలో సీసం 10 లక్షల పాళ్ళకు 400 పాళ్ళు దాటితే లోతుగా పరిశీలించవలెనని అమెరికా పర్యావరణ సంస్థ చాలాకాలం మార్గదర్శక ప్రమాణంగా పాటించింది. 2024 జనవరిలో ఆ ప్రమాణాన్ని 200కు తగ్గించింది. నిన్నటివరకు ఫరవాలేదనుకొన్న మట్టి నేడు అనుమానాస్పదమైనదన్న మాట.

ఇది విని తోటపని మానివేయనక్కరలేదు. మొక్కలు వేళ్ళద్వారా సీసాన్ని పీల్చుకొని కాయలలోకి చేర్చేది సాధారణంగా స్వల్పమే. అసలు ప్రమాదం ఆకులకు, దుంపలకు అంటుకొన్న మట్టిలోను, చేతులకు అంటిన దుమ్ములోను ఉన్నది. కనుక పాత ఇళ్ళ గోడల పక్కన, రద్దీ రోడ్ల అంచున ఆకుకూరలు, ముల్లంగి, క్యారెట్ వేయరాదు. శుభ్రమైన మట్టిని తెచ్చి చెక్కల చట్రంలో పోసి ఎత్తుమడులు కట్టుకోవచ్చును. పుష్కలంగా కంపోస్టు కలిపి, మట్టి మరీ ఆమ్లగుణం పొందకుండా చూచుకొంటే సీసం మొక్కలకు అంతగా అందదు. మడుల మధ్య బాటలపై చెక్కపొట్టు పరిస్తే దుమ్ము రేగదు. ఇవేవీ చేయలేని చోట టమాటా, వంకాయ, బీరకాయల వంటివి మేలు. కూరలను రెండు మూడు నీళ్ళలో కడగడం మన తల్లులు నేర్పినదే.

అయితే మట్టిని పరీక్షించుకొని, ఎత్తుమడులు కట్టుకొని, మన పిల్లలు క్షేమం అనుకొంటే సరిపోతుందా? వీధి చివర అద్దె ఇంట్లో ఉన్న కుటుంబం మాటేమిటి? వారికి పెరడు లేదు. ఉన్నా అది వారిది కాదు. తాజా కూరలు దొరికే దుకాణం దగ్గరలో లేని పేటలు ఈ సంపన్న దేశంలో ఎన్నో ఉన్నాయి. ఇక్కడే సామూహిక తోటల అవసరం కనబడుతుంది.

న్యూయార్క్ చరిత్ర ఇందుకు ఉదాహరణ. 1973లో లిజ్ క్రిస్టీ అనే చిత్రకారిణి, ఆమె మిత్రులు కలిసి బవరీ, హ్యూస్టన్ వీధుల కూడలిలో చెత్తతో నిండిన ఖాళీ స్థలాన్ని శుభ్రం చేసి తోటగా మార్చారు. మరుసటి ఏడు నగరపాలక సంస్థ ఆ స్థలాన్ని నెలకు ఒక డాలరు అద్దెకు ఇచ్చింది. ఆ ఒరవడిలో నగరమంతటా వందలాది తోటలు వెలిశాయి. అవి పచ్చబడి, చుట్టుప్రక్కల భూముల ధరలు పెరిగిన తరువాత, 1999లో నగర ప్రభుత్వం 114 తోటలను వేలం వేయ సంకల్పించింది. పౌరులు ఊరేగింపులు తీశారు, కోర్టులకు వెళ్ళారు. చివరకు వేలానికి ముందురోజు రెండు స్వచ్ఛంద సంస్థలు మొత్తం 42 లక్షల డాలర్లు చెల్లించి వాటిని కాపాడాయి. దీనినుండి నేర్చుకోవలసిన పాఠం ఒకటున్నది. మొక్కను నీరు బ్రతికిస్తుంది. తోటను బ్రతికించేది మాత్రం నగరసభలో లేచి మాట్లాడే పౌరులే.

బయటి విషం మన పెరటిలోకి వచ్చినట్లే, మన పెరటినుండి బయటకు పోయే కీడు కూడా ఉన్నది. మన ప్రాణసమానమైన కరివేపాకు చెట్టు నిమ్మ, నారింజలకు దగ్గరి చుట్టం. నారింజ తోటలను నాశనం చేసే తెగులును మోసే సిల్లిడ్ అనే చిన్న పురుగు కరివేపాకు చిగుళ్ళపై గుడ్లు పెట్టి వృద్ధి చెందుతుంది. ఆ పురుగు 1998లో ఫ్లోరిడాలో కనబడింది. తెగులు 2005లో బయటపడింది. 2003-04లో సుమారు 24 కోట్ల పెట్టెల నారింజలు పండించిన ఆ రాష్ట్రం 2022-23లో 1.6 కోట్ల పెట్టెలకు దిగజారింది. ఇందులో తుఫానుల పాత్ర కూడా ఉన్నా ఈ తెగులే ప్రధాన కారణం. అందుకే పురుగు ఉన్న ప్రాంతాలనుండి కరివేపాకు మొక్కలను బయటకు తీసుకుపోరాదన్న నిబంధనలున్నాయి. "ఒక్క చిన్న మొక్కే గదా" అని సూట్‌కేసులో దాచి తెచ్చేవారు ఒక రైతు ముప్పై ఏళ్ళ శ్రమను ఆ సూట్‌కేసులో పెడుతున్నామని గుర్తించవలెను.

కనుక మన సంఘానికి మూడు పనులు సూచిస్తున్నాను. మొదటిది, ప్రతి వసంతంలో విత్తనాల పంపిణీకి ముందు మట్టి పరీక్షల శిబిరం. తోటలో అయిదారు చోట్లనుండి పైమట్టి తీసి కలిపి విశ్వవిద్యాలయ వ్యవసాయ విస్తరణ కేంద్రానికి పంపడం కష్టమేమీ కాదు. సాధారణ సారపరీక్షలో సీసం చేరకపోవచ్చును గనుక దానిని ప్రత్యేకంగా కోరవలెను. రెండవది, ఏదైనా ఒక సామూహిక తోటలో కొన్ని మడులు స్వీకరించి, పండిన దానిలో సగం అన్నదాన కేంద్రాలకు ఇవ్వడం. సద్భావంతో ఆహారం దానం చేసేవారికి 1996నాటి చట్టం రక్షణ కల్పిస్తున్నది. మూడవది, నగరసభలో తోటల స్థలాల చర్చ జరిగే రోజున మనలో నలుగురైనా హాజరు కావడం.

"దుకాణంలో అన్నీ దొరుకుతున్నాయి, మనకెందుకీ శ్రమ?" అని కొందరు అడుగవచ్చును. మనం ఈ దేశంలో ఇళ్ళు కొన్నాము, ఆలయాలు కట్టాము, పిల్లలను వైద్యులుగా, ఇంజనీర్లుగా తీర్చిదిద్దాము. కాని మన ఇరుగుపొరుగు వారికి మనం పండుగ దుస్తులలో తప్ప కనబడుతున్నామా? ఒకే మట్టిలో చేతులు పెట్టి పనిచేసినవారు ఒకరికొకరు పరాయివారుగా మిగలరు. వచ్చే ఆగస్టులో మన గోంగూర సంచి ఒకటి తెలుగు రాని ఇంటి తలుపు కూడా తట్టునుగాక!