కుక్కపిల్ల పాదము చూచి మోసపోకుడు



పంట కోతలు ముగిసిన పిమ్మట మైలవరము చుట్టుపట్ల నల్లరేగడి చేలలో గొఱ్ఱెల మందలు దిగుట మీరెరిగినదే. పెన్నపై కట్టిన జలాశయపు గట్టు మొదలు ఎగువన గండికోట కొండల వరకు జీవాలను మేపుకొనువారికి రాత్రివేళ తోడు కుక్కయే. చేనిలో మంద కట్టి కాపరి కన్ను మూసినను కుక్క మూయదు. అట్టి కుక్కను ఎన్నుకొనునప్పుడు మనవారు చేయు పని యేమి? పిల్ల ముంగాలు పట్టి చూచి, “పాదము పెద్దది, ఇది దూడంత యగును” అని తేల్చివేయుదురు. ఈ పరీక్షను నమ్ముకొనుట తగదని నా అభిప్రాయము.

ఇందులో నిజము బొత్తిగా లేదనను. పెద్ద జాతి పిల్లల పాదములు పెద్దవిగనే యుండును. కాని పిల్ల వయసులో కాళ్లు ఒళ్లు సమముగ పెరుగవు. నేనొకసారి ఆరు వారముల పిల్లను పాదములు చూచి తెచ్చి, ఇంట పిల్లలకుంచిన పాలలో సగము దానికే పోసితిని. ఏడాది తిరుగుసరికి అది నా మోకాలి యెత్తున నిలిచిపోయినది. దాని పాదములు మాత్రము చివరివరకు పెద్దవే!

మొదట చూడవలసినది తల్లిని. తండ్రిని కూడ చూడగలిగిన మరింత మంచిది; కాని ఊరకుక్కల విషయమున తండ్రి యెవరో చెప్పుట కష్టము. ఒకే యీతలోని పిల్లలకు ఇద్దరు ముగ్గురు తండ్రులుండుట కద్దు. అందుచేతనే ఒక గంపలోని పిల్లలలో ఒకటి పొడవుగాను, ఒకటి పొట్టిగాను తయారగును. సాధారణముగ ఆడుదానికంటె మగది కొంత పెద్దదగును. పరిమాణము చాలవరకు పుట్టుకతో వచ్చునది. చిన్న జాతుల కుక్కలు చిన్నవిగ నుండుటకు ఐజీఎఫ్‌-1 అను జన్యువులోని మార్పు ముఖ్య కారణమని 2007లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. కావున ఎంత మేపినను నాటు కుక్క గ్రేట్‌ డేన్‌ కాజాలదు.

రెండవది తూకము. పిల్లను గంపలో నుంచి కాటాపై తూచి, గంప బరువు తీసివేయుడు. ఇచ్చట ఒక లెక్క విరివిగా ప్రచారములో నున్నది: పిల్ల బరువును దాని వయసు వారములతో భాగించి, 52తో గుణించిన పెద్ద కుక్క బరువు వచ్చునట. ఈ లెక్క మన కుక్కలకు పనికిరాదు. 16 వారముల నాటు పిల్ల 9 కిలోలు తూగినదనుకొందము. ఆ లెక్కన 29 కిలోల కుక్క కావలెను. కాని మధ్యరకపు కుక్కపిల్ల నాలుగు నెలలకే తన పూర్తి బరువులో సుమారు సగము పెరిగియుండును. అనగా ఇది 18 కిలోల దగ్గర ఆగును. ఏడాది పొడవునా ఒకే తీరున పెరుగునని తలచుటయే ఆ లెక్కలోని దోషము. పెరుగుదల మొదట వడిగాను, తరువాత మందముగాను సాగును. చిన్న జాతులు మూడు నెలలకు, పెద్ద జాతులు అయిదు నెలలకు రమారమి సగము బరువు చేరును. కావున మన పిల్లను నాలుగు నెలలకు తూచి రెట్టింపు చేయుడు. రెండు మూడు కిలోలు అటునిటు కావచ్చును. వయసు సరిగా తెలియనిచో ఏ లెక్కయు నిలువదు.

ఎముకల కొనలయందలి మెత్తని భాగము గట్టిపడగనే ఎత్తు పెరుగుట ఆగును. మధ్యరకపు కుక్కలకు ఇది ఏడాది లోపుననే జరుగును. మిక్కిలి పెద్ద జాతులకు ఏడాదిన్నర, ఒక్కొక్కప్పుడు రెండేండ్లు పట్టును.

మేపు మాట చెప్పక తప్పదు. పొట్ట ఉబ్బిన పిల్లను చూచి పుష్టిగా నున్నదనుకొందురు. అది పలుమారు నులిపురుగుల పొట్ట! ఈ పురుగులు తల్లి కడుపులోనే పిల్లకు సోకును. కావున రెండు వారముల వయసు నుండియే పశువైద్యుని సలహాపై మందు వేయించవలెను. వట్టి సంగటితో ఎదుగు పిల్లకు మాంసకృత్తులు చాలవు. గ్రుడ్డు, పాలు, ఉడికించిన మాంసము ఏదైన కొంత చేర్చుడు. అట్లని పెద్ద జాతి పిల్లకు సున్నపు మాత్రలు మితిమీరి పెట్టినచో ఎముకలు వంకర పోవును. చచ్చిన గొఱ్ఱె తలను పచ్చిగ కుక్కకు వేయకుడు. దానివలన కుక్కలో బద్దెపురుగు చేరి, తిరిగి మన మందలోనే గొఱ్ఱెలు గిరగిర తిరిగి చచ్చు జబ్బు వచ్చును.

ఇంత లెక్క యెందుకని మీరడుగవచ్చును. మంద కాపలాకు 15 మొదలు 20 కిలోల నాటు కుక్క చాలును. అది మన యెండకు ఓర్చును, మన యింటి తిండితో బ్రతుకును. పెద్దదగునని ఆశపడి, ఏ జాతియో తెలియక సీమకుక్క పిల్లను కొన్నవాడు దాని తిండికి తాళలేక, కడప వేసవిలో అది రొప్పుచుండగ చూడలేక, ఒకనాటి రాత్రి ఊరి వెలుపల వదలివచ్చును. చిన్నదైపోయెనని విసిగినవాడును అదే పని చేయును. ఆకలిగొన్న ఆ కుక్కలే గుంపు కట్టి మన గొఱ్ఱెపిల్లల మీద పడుచున్నవి. తోడేలును నిందించుటకు ముందు ఈ సంగతి తలచుకొనవలెను.

మూడు నెలలు నిండగనే పిల్లకు పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించుడు. ఆ దినముననే తూకము వేయించి, తేదీతో కూడ వ్రాసి పెట్టుకొనుడు; మరునెల తిరిగి తూచుడు. అనుమానము తీరనివారికి ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల దూరము కాదు. పిల్లను, ఆ కాగితమును వెంట తీసికొని పొండు.