తెరమీది పతకాలు

కిందటి వేసవి సెలవుల్లో హోసూరులో ఉన్న మా చెల్లెలి ఇంటికి వెళ్లాను. ఒకనాటి రాత్రి భోజనాలు ముగించి వసారాలో కూర్చుని ఉండగా లోపలి నుంచి పెద్ద కేక వినిపించింది. కంగారుపడి వెళ్లి చూస్తే, తొమ్మిదో తరగతి చదివే మేనల్లుడు టీవీ ముందు గంతులు వేస్తున్నాడు.

"మామయ్యా! ప్లాటినం ట్రోఫీ వచ్చింది. నెల రోజుల నుంచి దీనికోసమే ఆడుతున్నాను" అన్నాడు.

"సంతోషం. దానికి ఏమిస్తారు?" అని అడిగాను.

"ఏమీ ఇవ్వరు. నా పేరు పక్కన కనిపిస్తుంది, అంతే."

"అంతమాత్రానికి నెల రోజులు ఎందుకురా?"

వాడు చిన్నబుచ్చుకున్నాడు. జవాబు చెప్పకుండా టీవీ కట్టేసి పడుకున్నాడు. పిల్లవాడి సంతోషం మీద నీళ్లు చల్లానే అని నాకు ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. నిజంగానే ఆ ట్రోఫీకి విలువ లేదా? ఉంటే అది ఏపాటిది?

గెలుపుకు ఒక గుర్తు కావాలనుకోవడం మనిషికి కొత్త కాదు. గోళీలాటలో గెలిచిన గోళీలను జేబులో గలగలలాడిస్తూ ఊరంతా తిరగని పిల్లవాడు మా చిన్నతనంలో లేడు. ఆ గోళీలతో ఏం కొనగలం? ఏమీ కొనలేం. అయినా ఆ చప్పుడు వింటే ఛాతీ ఉప్పొంగేది.

వీడియో ఆటల్లోనూ ఈ కోరిక మొదటి నుంచీ ఉంది. 1982లో అమెరికాలోని యాక్టివిజన్ సంస్థ 'పిట్‌ఫాల్' అనే ఆటను విడుదల చేసింది. అందులో 20,000 పాయింట్లు సాధించినవారు టీవీ తెరను ఫొటో తీసి తపాలాలో పంపితే, సంస్థవారు చొక్కాకు కుట్టుకొనే ఒక గుడ్డ బిళ్లను బహుమతిగా పంపేవారు. ఆ తరువాత తపాలాతో పని లేకుండాపోయింది. 2005లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ఎక్స్‌బాక్స్ 360లో ఆటగాడు నిర్ణీతమైన పని చేయగానే తెరమీదనే గుర్తింపు కనిపించే ఏర్పాటు వచ్చింది. వాటిని 'అచీవ్‌మెంట్లు' అన్నారు. ఒక్కొక్కదానికి కొన్ని పాయింట్లు ఉంటాయి. వాటి మొత్తం ఆటగాడి పేరుతో పాటు ఇతరులకు కనిపిస్తుంది. 2007లో స్టీమ్‌లోనూ, 2008లో ప్లేస్టేషన్‌లోనూ ఇటువంటివే వచ్చాయి. ప్లేస్టేషన్‌లో కంచు, వెండి, బంగారు ట్రోఫీలు ఉంటాయి. ప్లాటినం ట్రోఫీ ఉన్న ఆటలో తక్కినవన్నీ సాధించినవారికే అది లభిస్తుంది. మావాడు కేక వేసింది అందుకే.

వీటివల్ల ప్రయోజనం లేదనడం తొందరపాటు. మంచి అచీవ్‌మెంట్ ఆటగాడికి తెలియని దారి చూపిస్తుంది. 2007లో వచ్చిన 'హాఫ్ లైఫ్ 2: ఎపిసోడ్ టూ' అనే ఆటలో తోటలో అలంకారానికి పెట్టే ఒక మరుగుజ్జు బొమ్మ ఉంది. దానిని ఆట మొదట్లోనే చేతికి తీసుకుని, శత్రువులతో పోరాడుతూ, వాహనంలోంచి జారిపోకుండా చూసుకుంటూ, చివరికి రాకెట్టులో ఉంచితే ఒక అచీవ్‌మెంట్ లభిస్తుంది. కథకు ఆ బొమ్మతో అవసరమే లేదు. కాని ఆ బరువు నెత్తిన పెట్టుకున్నవాడికి తెలిసిన ఆటే కొత్త ఆట అవుతుంది. ఓర్పు, ముందుచూపు అలవడతాయి. కష్టమైన పని పూర్తి చేసినప్పుడు "నీ శ్రమను గమనించాం" అనే మాట ఎవరికైనా ఊరటనిస్తుంది.

అయితే నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. ఆటగాణ్ణి ఎక్కువసేపు తెర ముందు కూర్చోబెట్టడం ఆటలు అమ్మేవారికి లాభం. అందుచేత చేసిన పనినే వందసార్లు చేయించే అచీవ్‌మెంట్లు, మూలమూలలా వెదికి ఏరుకోవలసిన వస్తువులు ఎన్నో ఆటల్లో చేరాయి. కొందరు చవక ఆటలు తయారుచేసి, వాటిలో వేల సంఖ్యలో అచీవ్‌మెంట్లు కుమ్మరించారు. ఆడకుండానే పేరు పక్కన అంకె పెంచుకోవాలనుకొనేవారు వాటిని కొన్నారు. చివరకు 2018లో స్టీమ్‌ను నడిపే వాల్వ్ సంస్థ, తగిన ఆదరణ పొందేవరకు కొత్త ఆటలకు 100 అచీవ్‌మెంట్లు మించరాదని కట్టడి చేయవలసి వచ్చింది. గుర్తు కోసమే పని చేసినప్పుడు గుర్తుకూ విలువ పోతుంది, పనికీ విలువ పోతుంది.

దీనికి ఒక శాస్త్రీయమైన ఆధారం ఉంది. 1973లో అమెరికాలోని పరిశోధకులు లెప్పర్, గ్రీన్, నిస్బెట్ ఒక పరిశోధన ఫలితాన్ని ప్రకటించారు. బొమ్మలు గీయడం ఇష్టమైన చిన్నపిల్లల్లో కొందరికి "గీస్తే ప్రశంసాపత్రం ఇస్తాం" అని ముందుగా చెప్పారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. మరికొందరికి ఏమీ ఇవ్వలేదు. కొద్దిరోజుల తరువాత చూస్తే, ముందుగా ఆశ పెట్టిన పిల్లలు తక్కినవారితో పోలిస్తే దాదాపు సగం సేపే బొమ్మలు గీశారు. ఆశ చూపకుండా బహుమతి పొందినవారి ఇష్టం మాత్రం తగ్గలేదు.

ఇది చదివినప్పుడు నాకు నా సంగతే గుర్తుకు వచ్చింది. ఎనిమిదో తరగతిలో ఉండగా మా బడిలో పద్యాల పోటీ పెట్టారు. మొదటి బహుమతి స్టీలు గ్లాసు. దానికోసం నేను రాత్రింబవళ్లు పద్యాలు వల్లె వేసి గెలిచాను. మరుసటి ఏడు పోటీ పెట్టలేదు. నేను పద్యాల పుస్తకం ముట్టలేదు. ఆ పోటీలో ఓడిపోయిన నా మిత్రుడు మాత్రం పద్యాలను విడిచిపెట్టలేదు. ఈనాటికీ కలిసినప్పుడల్లా ఏదో ఒక పద్యం రాగం తీసి చదువుతాడు. గ్లాసు మా ఇంట్లో ఉంది, పద్యాలు వాడి దగ్గర ఉన్నాయి. ఎవరు గెలిచినట్టు?

ఆటల తయారీదారుల్లో కొందరికి ఈ సంగతి తెలుసు. 2013లో వచ్చిన 'ది స్టాన్లీ పేరబుల్' అనే ఆటలో ఒక అచీవ్‌మెంట్ పేరు "బయటికి వెళ్లు". అయిదేళ్లపాటు ఆ ఆట ఆడకుండా ఉన్నవారికే అది దొరుకుతుంది! అంత ఓపిక లేని కొందరు కంప్యూటరులోని తేదీని ముందుకు జరిపి దానిని సంపాదించారు. వారికి దక్కింది ఏమిటో వారే చెప్పాలి.

కాబట్టి ట్రోఫీలు మంచివా, చెడ్డవా అని అడగడంకంటే, ఎవరికి వారు ఒక ప్రశ్న వేసుకోవడం మేలు: "ఈ గుర్తు ఇవ్వకపోయినా నేను ఈ పని చేసేవాడినా?" చేసేవాడినే అనుకుంటే ఆ గుర్తు దారి పక్కన మైలురాయి. అది ఎంత దూరం వచ్చామో చెబుతుంది. లేదనుకుంటే ఆ రాయిని మోస్తూ నడుస్తున్నామన్నమాట. ఈ ప్రశ్న ఆటలకే కాదు, మార్కుల జాబితాలకూ ప్రశంసాపత్రాలకూ వర్తిస్తుంది. పెద్దలమైన మేమూ వేసుకోదగిన ప్రశ్నే ఇది.

మర్నాడు ఉదయం మేనల్లుణ్ణి పిలిచి, "రాత్రి తప్పుగా అడిగానురా. ఆ ట్రోఫీ ఎలా సాధించావో చెప్పు" అన్నాను. వాడి ముఖం వికసించింది. చివరి శత్రువు చేతిలో ఎన్నిసార్లు ఓడిపోయాడో, వాడు కత్తి ఎత్తే ముందు ఒక్క క్షణం ఆగుతాడని ఎలా కనిపెట్టాడో, ఆ క్షణం కోసం ఎలా కాచుకున్నాడో అరగంటసేపు వర్ణించాడు. అంతసేపు చెప్పినా ట్రోఫీ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. రాత్రి నేనడిగిన ప్రశ్నకు వాడు తెలియకుండానే జవాబు చెప్పాడు.