కాళ్ళు అందుతాయా?

"కాళ్ళు అందుతయా అన్నా?"

షోరూమ్‌లో నన్నడిగిన మొదటి ప్రశ్న ఇది. పేరు అడగలేదు. లైసెన్స్ అడగలేదు. ఎన్నేళ్ళ నుంచి బండి నడుపుతున్నావని అడగలేదు. ఆ కుర్రాడు మర్యాదస్తుడే. ఏసీ పెంచాడు, మెషీన్ కాఫీ తెచ్చిచ్చాడు, గొంతులో ఎక్కడా వెటకారం లేదు. ఈ వ్యాసం రాయాల్సొచ్చింది కూడా అందుకే. వెటకారం చేసినవాణ్ణి నాలుగు తిట్టుకుని మర్చిపోవచ్చు. నిజంగా నా మంచి కోరి అడిగినవాణ్ణి ఏం చెయ్యాలి?

నా ఎత్తు 158 సెంటీమీటర్లు. పాత లెక్కలో అయిదడుగుల రెండంగుళాలు. స్కూల్లో ప్రార్థన లైన్లో మొదటివాణ్ణి, పెళ్ళిళ్ళ గ్రూప్ ఫొటోల్లో ముందు వరసవాణ్ణి. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని నా మొహం మీద నవ్వుతూ అనని చుట్టం లేడు. కాస్త చదువుకున్నవాళ్ళయితే ఓదార్పుకి వామనుణ్ణి పట్టుకొస్తారు. మూడే అడుగులు చూడు, అంటారు. ఆ మూడు అడుగులు వెయ్యడానికి వామనుడు కూడా పెరగాల్సే వచ్చిందని వాళ్ళకి తట్టదు.

షోరూమ్ బయట నేను పార్క్ చేసి వచ్చింది నా యమహా ఆర్15. ఆరేళ్ళుగా రోజూ అదే. దాని సీటు ఎత్తు 815 మిల్లీమీటర్లు. లోపల నేను చూడ్డానికొచ్చిన బండి (పేరు చెప్పను, గొడవ దానితో కాదు) 600 సీసీ పైన, 90 గుర్రాల పైచిలుకు. దాని సీటు కూడా దాదాపు అంతే ఎత్తు. అంటే ఆరేళ్ళుగా నేను రోజూ కూర్చుని ఆఫీసుకెళ్తున్న ఎత్తు మీదే నాకు అనుమానపు పరీక్ష పెట్టారన్నమాట. రెండిటికీ తేడా బరువులో ఉంది. ఆర్15 140 కిలోల పైన, ఇది దాదాపు 200. అది చిన్న తేడా కాదు, నాకూ తెలుసు. "ఇంత బరువు బండి ఎప్పుడైనా నడిపారా అన్నా?" అని అడిగుంటే అది సరైన ప్రశ్న. ఆ ప్రశ్న ఆరడుగులవాణ్ణి కూడా అడగాలి. కాబట్టి ఎవర్నీ అడగరు.

ఇంకో సంగతి. సుజుకి హయబుసా పేరు వినని కుర్రాడు మన కాలేజీల్లో ఉండడు. 1340 సీసీ, 260 కిలోల పైన. దాని సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు. ఇంటర్ పాసైన పిల్లాడికి కొనిచ్చే ఆర్15 కంటే అరంగుళం కిందకే ఉంటుంది. ఎత్తుకీ పవర్‌కీ ఉందనుకునే సంబంధం మన తలల్లోదే, ఇంజనుకి తెలియదు.

టెస్ట్ రైడ్ ఇచ్చారు. ఇవ్వకపోవడం ఉండదు, మొహమాటం మన జాతీయ లక్షణం. ముందు ఒక కాగితం మీద సంతకం. బండికేమన్నా అయితే ఖర్చు నాది. తర్వాత ఆ కుర్రాడు రూట్ చెప్పాడు: గేటు దాటి ఎడమకి, సిగ్నల్ దగ్గర నేరుగా, రెండో యూటర్న్ తీసుకుని వెనక్కి. మొత్తం మూడు కిలోమీటర్లు. వెనకాలే ఆక్టివా మీద ఇంకొకతను కాపలాకి.

ఇక్కడ కాస్త ఆగాలి. హైదరాబాద్‌లో పెద్ద బండి కొనేవాడికి ఔటర్ రింగ్ రోడ్డు లేదు, టూ వీలర్లకి ప్రవేశం నిషేధం. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదా అంతే. ఇక మిగిలింది ఊరు. సిగ్నళ్ళు, యూటర్న్‌లు, స్పీడ్ బ్రేకర్లు, రాంగ్ రూట్లో వచ్చే ఆటోలు. వందా యాభై దాటి పరిగెత్తడానికి పుట్టిన యంత్రాన్ని మూడు కిలోమీటర్ల ట్రాఫిక్‌లో పరీక్షించాలి. టెస్ట్ రైడ్ అంటాం కానీ అందులో బండి పరుగుకి పరీక్షేమీ లేదు. ఉన్నదంతా బండి ఆగడానికి పరీక్ష. పొట్టివాడికి ఇబ్బంది ఎక్కడంటే సరిగ్గా అక్కడే, గంటకి పది కిలోమీటర్ల లోపు. ఆ పైన నేను ఎంత ఎత్తో బండికి తెలియదు.

నాకు అది తెలిసింది సిగ్నల్ దాటాక. అదృష్టం కొద్దీ ఒక అరకిలోమీటరు ఖాళీ దొరికింది. రెండో గేరులో థ్రాటిల్ కొంచెం తిప్పాను. శబ్దం ముందు వచ్చింది, కడుపులోకి. తర్వాత చేతులు లాగినట్టయింది. మూడో గేరు వేసేసరికి కాపలా ఆక్టివా అద్దంలో చుక్క. ట్యాంకు మీద ఒంగితే నా ఒళ్ళు బండి మీద చక్కగా సరిపోయింది. మోకాళ్ళు ట్యాంకు గుంటల్లో, మోచేతులు వంగి, గాలి తల మీంచి పోతోంది. పొడుగు స్నేహితులు స్పోర్ట్స్ బండి మీద మడత పడ్డ కుర్చీల్లా కూర్చుని నడుము నొప్పని ఏడవడం నాకు తెలుసు. ఆ అరకిలోమీటరు సేపు నా కొలతలకే కుట్టిన చొక్కా వేసుకున్నట్టుంది. ముప్పై మూడేళ్ళలో షాపులో దొరికిన ఏ వస్తువూ నాకలా సరిపోలేదు.

తర్వాత యూటర్న్. మీరు అనుకున్నట్టే పడ్డాను.

కుడికి తిరుగుతుంటే ఎదురుగా రాంగ్ రూట్లో ఆటో. హ్యాండిల్ తిప్పి ఉండగా ముందు బ్రేకు నొక్కాను. అదే తప్పు, ఎవరు చేసినా తప్పే. బండి కుడికి ఒరిగింది. కుడికాలు నేల కోసం వెతికింది, కానీ రోడ్డు అక్కడ బెత్తెడు కిందకి కుంగి ఉంది. పడటం కూడా కాదది, రెండువందల కిలోలు మెల్లగా పడుకోవడం. నాకేం కాలేదు. ఫెయిరింగ్ మీద గీత, బ్రేక్ లివర్ చివర విరిగింది. ఆక్టివా అతనూ నేనూ కలిసి లేపాం. ఆటో అతను "చూస్కోవాలె గద అన్నా" అని వెళ్ళిపోయాడు.

పొడుగు మనిషైతే ఆపగలిగేవాడేమో. ఒప్పుకుంటాను. ఒక కోణం దాటాక ఎంత పొడుగు కాలూ ఆ బరువుని ఆపలేదు, కానీ ఆ కోణం నాకు ముందే వస్తుంది. నా గొడవ తర్వాత జరిగినదాని గురించి. షోరూమ్‌లో అందరూ ఒకేసారి తలూపారు. "చెప్పిన కదన్నా, హైట్." ఆటో లేదు, గుంట లేదు, తిప్పిన హ్యాండిల్ మీద నొక్కిన బ్రేకు లేదు. కారణం ఒక్కటే, నా ఎత్తు. అప్పుడు బండి చుట్టూ ఒకసారి తిరిగాను. కుడివైపు గీత నాది. ఎడమవైపు, నాకంటే ముందువి, ఇంకో మూడు గీతలున్నాయి. అవెవరివి? "ఒకతను ఇసుకల జారిండు సార్, ఇంకొకతను స్టాండ్ సరిగ్గ వెయ్యలే." వాళ్ళ ఎత్తెంతో ఎవరికీ గుర్తులేదు. పొడుగువాడు పడితే ఇసుక. పొట్టివాడు పడితే పొట్టి.

ఆ బిల్లు కట్టాను. దాని గురించి ఏడుపు లేదు, సంతకం పెట్టింది నేనే.

నా ఏడుపు మన కంటి గురించి. మన సినిమాల్లో హీరో బండి మీద వచ్చే సీను గుర్తు తెచ్చుకోండి. బండి వచ్చి ఆగుతుంది. కెమెరా కిందెక్కడో ఉంటుంది. ముందు కనిపించేది బూటు, నేల మీద ధడాల్న పడి, దుమ్ము లేపి. మొహం తర్వాతెప్పుడో వస్తుంది. మన దగ్గర బండి మీది మగతనమంతా బండి ఆగినప్పుడే. రెండు కాళ్ళూ చాపి, మడమలు నేలకానించి, చేతులు కట్టుకుని ఫొటో. నడపడం తెలిసినవాడెవడో ఆ ఫొటోలో తెలియదు. నేను సిగ్నల్ దగ్గర ఒక కాలి మీద ఆగితే పక్క బండివాడు జాలిగా చూస్తాడు, పడిపోతానేమోనని. నిజానికి బండి ఆపడానికి ఒక కాలు చాలు. ఆగే ముందే గేరు ఒకటికి దించుకోవాలి, ఎందుకంటే గేరు వేసే కాలే నేల మీదకి పోవాలి. నడుము కొంచెం ఎడమకి జార్చి ఎడమ పాదం మొత్తం ఆనించాలి. కుడికాలు వెనక బ్రేకు మీదే. రోడ్డు అంచుకి పోకూడదు, అంచు దగ్గర నేల ఎడమకి వాలుంటుంది, రెండంగుళాలు అక్కడే పోతాయి. ఎక్కడ ఆగాలో ఆగకముందే చూసుకోవాలి. ఇదంతా ఒక విద్య. ఆరేళ్ళలో నాకు నేనే నేర్చుకున్నాను, చాలాసార్లు పడి. మన డ్రైవింగ్ స్కూళ్ళలో చెప్పే మనిషి నాకు దొరకలేదు. ఈ విద్య ఉన్నవాణ్ణి వికలాంగుణ్ణి చూసినట్టు చూస్తూ, మడమలాన్చి కూర్చోగలగడాన్ని అర్హత అంటున్నాం.

బ్రోషర్లో రాసే సీటు ఎత్తు కూడా సగం అబద్ధమే. సీటు వెడల్పుగా ఉంటే తొడలు విచ్చుకుని కాలు పొట్టిదైపోతుంది. ముందువైపు సన్నగా ఉంటే అదే ఎత్తులో కాలు బాగా దిగుతుంది. మనిషి కూర్చుంటే సస్పెన్షన్ ఎంత కుంగుతుందన్నది మనిషి బరువుని బట్టి, సెట్టింగుని బట్టి. మనిషి ఎత్తుతో కూడా లెక్క తేలదు, తేల్చేది లోపలి కాలి పొడవు. మా వీధి టైలర్‌కి తెలిసిన ఈ ముక్క బండ్ల రివ్యూలు చేసే మహానుభావులకి తెలియదు. "నా హైట్ ఫైవ్ లెవెన్, నాకు ఈజీగా రీచ్ అవుతోంది గైస్, సో నో ఇష్యూస్." మన దేశంలో మగవాళ్ళ సగటు ఎత్తు 165 సెంటీమీటర్ల దగ్గర, ఆడవాళ్ళది 152 దగ్గర. అంటే ఆ "గైస్"లో చాలామందికి ఇష్యూ ఉంది నాయనా. నీకే లేదు.

ఇంకో ఉచిత సలహా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. "మీకు క్రూయిజర్ బాగుంటది సార్." సీటు కిందకి ఉంటుంది, నిజమే. మెటియోర్ 350 సీటు 765 మిల్లీమీటర్లు. బరువు 190 కిలోల పైన, ఇంజను 20 గుర్రాలు. మంచి బండే. నేను అడిగింది అది కాదు. హోటల్‌కెళ్ళి బిర్యానీ అడిగినవాడికి మీ కడుపుకి పెరుగన్నం నయం అని వడ్డిస్తారా? ఇక బండిని కిందకి దించే లింకులు అమ్మేవాళ్ళున్నారు. స్పోర్ట్స్ బండి ఎత్తుగా ఉండేది పొగరుతో కాదు, మలుపులో ఒరిగినప్పుడు కింది భాగాలు రోడ్డుకి రాసుకోకుండా. దించితే ఆ జాగా తగ్గుతుంది, హ్యాండిల్ తిరిగే తీరు మారుతుంది, సైడ్ స్టాండ్ పొడవెక్కువై బండి నిటారుగా నిలబడి అటుపక్కకి పడుతుంది. మన స్పీడ్ బ్రేకర్ల సంగతి సరేసరి. నా కాళ్ళ కోసం బండి కాళ్ళు నరకడం నాకిష్టం లేదు.

అలాగని, అంతా మనసులోనే ఉంది బ్రదర్ అనే బ్యాచ్‌తో కూడా నేను లేను. వాళ్ళు వెంటనే డానీ పెడ్రోసాని తెస్తారు. దాదాపు నా ఎత్తే, 51 కిలోల మనిషి, మోటోజీపీలో 31 రేసులు గెలిచాడు. ఆనా కరాస్కో నాకంటే పొట్టి, 2018లో సూపర్‌స్పోర్ట్ 300 ప్రపంచ ఛాంపియన్, మగవాళ్ళతో పోటీపడి. ఇద్దరంటే నాకు ప్రాణం. కానీ పెడ్రోసా బండి ఆపితే పట్టుకోవడానికి మెకానిక్కులుంటారు. అమీర్‌పేటలో రెండు స్కూటర్ల మధ్య వాలులోంచి బండిని వెనక్కి తోసుకోవాల్సిన పని ఆయనకెప్పుడూ పడలేదు. వాళ్ళ కథ పరుగు గురించి నిజం చెబుతుంది. నా కష్టం పార్కింగ్‌లో ఉంది. అది కష్టమే, దాన్ని ఆత్మవిశ్వాసంతో తొయ్యలేం.

మా చెల్లి 154. తనూ నాతో వచ్చింది ఆరోజు, తనకీ బండి పిచ్చే. తనని కాళ్ళు అందుతాయా అని కూడా అడగలేదు. "మేడమ్ వెనక కూర్చుంటే కంఫర్ట్ చూస్కోండి" అన్నారు. నాకు దక్కిన అవమానం కూడా దానికి దక్కలేదు. ఇంటికొస్తూ దారంతా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. షోరూమ్ వెనక ఖాళీ జాగాలో పావుగంట ఆ బండిని ఆపడం, తిప్పడం, వెనక్కి తొయ్యడం చెయ్యనివ్వండి, తర్వాత రోడ్డు మీదకి పంపండి. పొట్టివాళ్ళనే కాదు, ఎడమవైపు గీతలు పెట్టినవాళ్ళని కూడా. తక్కువ ఎత్తు సీటుని అదనపు డబ్బులకి అమ్మే యాక్సెసరీగా దాచిపెట్టకుండా టెస్ట్ రైడ్ బండికే ఒకటి వేసి ఉంచండి. రివ్యూ చేసేవాళ్ళు తమ ఎత్తు చెప్పేముందు కాలి కొలత చెప్పండి, అయిదడుగుల మనిషినొకర్ని ఎక్కించి చూపండి.

మొన్న టైలర్ దగ్గరికెళ్ళి లోపలి కాలు కొలిపించుకున్నాను. ఇరవై ఎనిమిది అంగుళాలు. "ప్యాంటుకా సార్?" అన్నాడు. బండికి అన్నాను. ఆయన నవ్వలేదు. బూటు వేసుకుని రమ్మన్నాడు, మడమతో కలిపి ఇంకోసారి కొలుస్తానని. వచ్చే ఆదివారం ఇంకో షోరూమ్‌లో అడిగి పెట్టాను, ఇద్దరి పేర్ల మీదా. చెల్లి లైసెన్స్ జిరాక్స్ కూడా తీసుకున్నాం.