రేషను బియ్యంలో కలిపారు, మన సోనా మసూరిలో లేదు

ఇండియన్ స్టోరులో ఇరవై పౌండ్ల బియ్యం సంచి ఎత్తేముందు మనం చూసేవి రెండే: పాత బియ్యమా కాదా, ఈ వారం సేల్ ఉందా లేదా. సంచి వెనక చిన్న అక్షరాల పట్టీ చదివే ఓపిక ఎవరికుంటుంది? ఈసారి మాత్రం ఒక్క నిమిషం ఆగి, దానిమీద ‘ఎన్‌రిచ్డ్’ అన్న మాట ఉందేమో చూడండి. నేను చూసినంతలో సోనా మసూరి, బాస్మతి సంచుల మీద అది అరుదు. గోధుమపిండి సంచుల మీదా అంతే. పక్కనే ఉన్న అమెరికన్ గ్రోసరీలో తెల్ల బ్రెడ్డు, పాస్తా, మైదా తీసి చూడండి, దాదాపు ప్రతిదాని మీదా ఉంటుంది.

ఆ మాట వెనకున్నది ఫోలిక్ యాసిడ్. 1998 జనవరి 1 నుంచి అమెరికాలో ‘ఎన్‌రిచ్డ్’ అని అమ్మే ప్రతి ధాన్యపు పదార్థంలోనూ 100 గ్రాములకు 140 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ కలపాలని ఎఫ్‌డీఏ నియమం పెట్టింది. దీనివల్ల ఏటా దాదాపు 1,300 మంది పిల్లలు వెన్నెముక, మెదడు లోపాలు లేకుండా పుడుతున్నారని సీడీసీ లెక్క. అమ్మలెవరికీ తెలియకుండానే, బ్రెడ్డుముక్కతో పాటు లోపలికి వెళ్లిపోయే రక్షణ ఇది. మరి మనం తినేది బ్రెడ్డు కాదే!

ఈ విటమిన్ కథ మొదలైంది బొంబాయిలో. 1928 తర్వాత లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో ఒక రకం తీవ్రమైన రక్తహీనతను గమనించింది. ఇనుము ఇచ్చినా తగ్గేది కాదు. చివరికి ఈస్ట్ నుంచి తీసిన మార్మైట్ ఇస్తే తగ్గింది. 1931లో ఆ సంగతి ప్రచురించింది. అందులో ఉన్నదేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు కాబట్టి ‘విల్స్ ఫ్యాక్టర్’ అన్నారు. పదేళ్లకు టెక్సాస్‌లో కొందరు శాస్త్రవేత్తలు టన్నులకొద్దీ పాలకూర నుంచి దాన్ని విడదీసి, ఆకుకు లాటిన్ మాటైన ఫోలియం పేరుమీద ఫోలిక్ యాసిడ్ అన్నారు. ఆకుకూర తినమని మన అమ్మమ్మలు ఎందుకు చెప్పేవారో, ఆ పేరులోనే ఉంది.

టన్నుల పాలకూర నుంచి గ్రాముల్లో తీస్తే ఎవరికి సరిపోతుంది? ప్రయోగశాలలో తయారుచెయ్యాలి. ఆ పని 1945లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ ఊళ్లో, లెడర్లే కంపెనీలో జరిగింది. అక్కడి పరిశోధనలకు పెద్ద మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి సాయంతో మద్రాసులో వైద్యం చదివి, 1920ల మొదట్లో బోస్టన్ చేరారు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో సోదరుణ్ణి పోగొట్టుకున్న మనిషి. తర్వాత ఆ జబ్బుకు ఫోలిక్ యాసిడే మందయింది. భార్య శేషగిరి గారు ఇండియాలోనే ఉండిపోయారు. ఆయన మళ్లీ తిరిగి వెళ్లలేదు. సుబ్బారావు గారి మీద వ్యాసాలు చాలానే వచ్చాయి. ఆవిడ ఆ పాతికేళ్లూ ఎలా గడిపారో రాసినవారు తక్కువ.

మా అమ్మాయి ఏపీ బయాలజీ చదువుతూ ఏటీపీ గురించి పేజీలకు పేజీలు బట్టీపట్టింది. కణాలకు శక్తినిచ్చే ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, సుబ్బారావు కలిసి కనుక్కున్నారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. పాఠంలో ఆ పేర్లు లేవు. లేకపోవడం నాకు పెద్ద కోపం కాదు, హైస్కూలు పుస్తకంలో ఎందరి పేర్లని రాస్తారు? కానీ పిల్లలకు రసాయనశాస్త్రం ఒక గదిలో, జీవశాస్త్రం ఇంకో గదిలో వేర్వేరు టీచర్లు చెబుతారు. ఈ రెండూ ఒకటే అని తెలియాలంటే ఫోలిక్ యాసిడ్ కంటే మంచి పాఠం నాకు కనిపించదు.

ఎలాగంటే, కణం రెండుగా చీలాలంటే ముందు డీఎన్‌ఏను ఇంకో ప్రతి రాసుకోవాలి. డీఎన్‌ఏలో నాలుగు అక్షరాలుంటాయి కదా, వాటిలో థైమిన్ అనేదాన్ని తయారుచేయడానికి ఫోలేట్ కావాలి. అది లేకపోతే రాత ఆగిపోతుంది. సుబ్బారావు గారి బృందం ఫోలిక్ యాసిడ్‌లో ఒక మూలనున్న ఆక్సిజన్ స్థానంలో నైట్రోజన్ గుంపును పెట్టి అమినాప్టెరిన్ అనే పదార్థం తయారుచేసింది. చూడ్డానికి అదే మనిషి, చేసే పని మాత్రం వేరు! కణంలోని ఎంజైము దాన్నే ఫోలేట్ అనుకుని పట్టుకుని ఇరుక్కుపోతుంది. వేగంగా చీలే క్యాన్సర్ కణాలకు డీఎన్‌ఏ రాసుకునే సరుకు అందదు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. ఆ సంగతి 1948 జూన్‌లో ప్రచురణైంది. ఆగస్టులో సుబ్బారావు గారు 53 ఏళ్లకే కన్నుమూశారు. దాని చెల్లెలు మెథోట్రెక్సేట్ ఇవాళ మన అమ్మలూ అత్తగార్లూ కీళ్లవాతానికి వారానికొకసారి వేసుకునే మాత్రే. దానితో పాటు డాక్టరు ఫోలిక్ యాసిడ్ కూడా ఎందుకు రాస్తారో ఇప్పుడు అర్థమైపోయుంటుంది.

కడుపులో బిడ్డ విషయంలోనూ ఇదే లెక్క. పిండానికి మెదడు, వెన్నుపాము అయ్యే గొట్టాన్ని న్యూరల్ ట్యూబ్ అంటారు. గర్భం వచ్చిన 28 రోజుల్లో అది మూసుకుపోవాలి. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే సరిగా తెలియదు. మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్లేది ఏ ఎనిమిదో వారంలోనో. అక్కడ ఇచ్చే ప్రీనేటల్ మాత్రలు బిడ్డకు మంచివే, కానీ ఈ గొట్టం విషయంలో సమయం దాటిపోయింది. 1991లో ఫలితాలు వచ్చిన, బ్రిటన్ ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున జరిగిన పరీక్షలో, అంతకుముందు ఇలాంటి లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకు ముందునుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే మళ్లీ అలా జరగడం 72 శాతం తగ్గింది. మరుసటి ఏడే అమెరికా ప్రభుత్వం గర్భం వచ్చే అవకాశమున్న ప్రతి స్త్రీ రోజుకు 400 మైక్రోగ్రాములు తీసుకోవాలని చెప్పింది. ప్రతి స్త్రీ అన్నారు, గర్భిణి అనలేదు. సగం గర్భాలు అనుకోకుండా వచ్చేవే కదా మరి. అందుకే పిండిలో కలిపారు.

ఎవరి పిండిలో అన్నది ఇంకో సంగతి. మెక్సికో వైపు కుటుంబాలు తినేది మొక్కజొన్న మాసా పిండి. 1998 నియమం దాన్ని పట్టించుకోలేదు. లాటినా తల్లుల పిల్లల్లో ఈ లోపాలు ఎక్కువగా ఉండిపోయాయి. 2016లో కలపడానికి అనుమతి వచ్చింది, కానీ ఇష్టమైతేనే. కాలిఫోర్నియా చట్టం చేశాక, 2026 జనవరి నుంచి అక్కడ అమ్మే మాసా పిండిలో కలపడం తప్పనిసరైంది. వాళ్ల సంఘాలు ఏళ్ల తరబడి అడిగితే వచ్చింది. మన సోనా మసూరి గురించి మన సంఘాలు ఎప్పుడైనా అడిగాయా? ఉగాది సంబరాలకు ఏ హీరోయిన్‌ను పిలవాలన్న చర్చలో ఇది వస్తుందని నేననుకోను.

విచిత్రం ఏమిటంటే మన ఊళ్లలో రేషను బియ్యంలో దీన్ని కలిపారు. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించాక, ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 ఉన్న గింజలను వందకు ఒకటి చొప్పున కలిపి ఇస్తూ వచ్చారు. బియ్యప్పిండితోనే మరలో చేసిన గింజలవి. ‘ప్లాస్టిక్ బియ్యం’ అని ఏరి పారేసేవాళ్లూ ఉన్నారు. మీవాళ్లకు ఫోనులో చెప్పండి, పారెయ్యద్దని. ఇక్కడి ఎన్‌రిచ్డ్ బియ్యంలో ఇంకో తంటా. చాలావాటికి విటమిన్లను పొడిగా పైన పూస్తారు, సంచి మీద కడగవద్దనీ రాస్తారు. మూడుసార్లు కడగకుండా అన్నం వండే తెలుగు ఆడపడుచు ఎక్కడైనా ఉందా?

మనం పప్పు తింటాం కదా అంటారు. నిజమే, మన భోజనం ఫోలేట్‌కు పేదది కాదు. ఒక కప్పు ఉడికిన మసూర్ పప్పులో దాదాపు 350 మైక్రోగ్రాములుంటాయి, కందిపప్పులో దాదాపు సగం. కానీ మనం అన్నంలో కలుపుకునేది గరిటెడు. పైగా తిండిలోని ఫోలేట్ మాత్రలోనిదంత బాగా ఒంటికి పట్టదు. తోటకూర ఉడికించి నీళ్లు పారబోస్తే అదీ పోతుంది. శాకాహారులకు బీ12 తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ; ఫోలిక్ యాసిడ్ ఎక్కువైతే రక్తహీనత కనిపించకుండా పోయి, నరాల దెబ్బ లోపల జరుగుతూనే ఉండొచ్చు. కాబట్టి ఏటా రక్తపరీక్షలో బీ12 కూడా అడగండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడే పెద్దవాళ్లకైతే మరీ.

వాట్సాప్‌లో తిరిగే రెండు సంగతులు కూడా చెప్పాలి. ఎంటీహెచ్ఎఫ్ఆర్ జన్యువులో మార్పు ఉంటే మామూలు ఫోలిక్ యాసిడ్ పనిచేయదని, ఖరీదైన మిథైల్ ఫోలేటే వాడాలని ఒకటి. ఆ మార్పు ఉన్నవాళ్లకూ మామూలుదే పనిచేస్తుందని, ఈ లోపాలను ఆపుతుందని రుజువైనదీ అదొక్కటేనని సీడీసీ స్పష్టంగా చెబుతోంది. రెండోది లూకోవోరిన్. మెథోట్రెక్సేట్ విషం తగ్గించడానికి వాడే ఫోలేట్ రూపమిది. మెదడుకు ఫోలేట్ అందని అరుదైన జబ్బుకు దాన్ని ఆమోదించే పని మొదలుపెట్టామని 2025 సెప్టెంబరులో ఎఫ్‌డీఏ ప్రకటించగానే, ఆటిజానికి మందొచ్చిందని వార్త పాకింది. ఆటిజం ఉన్న పిల్లల మీద ఇప్పటిదాకా జరిగిన పరీక్షలు కొద్దిమందితో చేసినవే. బిడ్డ కోసం ఏదైనా చేసేద్దామన్న తల్లి ఆరాటం నాకు తెలుసు. అయినా ఆన్‌లైన్‌లో తెప్పించి ఇవ్వకండి, పిల్లల న్యూరాలజిస్టుతో మాట్లాడాకే.

ఇక పెళ్లయి కొత్తగా వచ్చిన చెల్లెళ్లు, మరదళ్లు, కోడళ్లు. పిల్లల ఊసు ఇంకా లేదు, అప్పుడే మాత్రలేమిటి అంటే పై 28 రోజుల లెక్క చెప్పండి. మామూలు స్టోరులో దొరికే మల్టీవిటమిన్‌లో 400 మైక్రోగ్రాములు ఉంటే చాలు. మూర్ఛకు మందులు వాడేవాళ్లూ, ముందు కాన్పులో ఇలాంటి ఇబ్బంది ఎదురైనవాళ్లూ మాత్రం డాక్టరుతో మాట్లాడాలి. వాళ్లకు మోతాదు ఎన్నో రెట్లు ఎక్కువ కావచ్చు. డాక్టరు చేత చీటీ రాయించుకుంటే చాలా ఇన్సూరెన్సులు ఫోలిక్ యాసిడ్‌ను కో-పే లేకుండా ఇస్తాయి, అడిగి చూడండి.